లాంగ్టన్‌లో ఆకులు ఏరడం

బకెట్టుకు ఆరు పెన్నీలు.
మచ్చపడ్డ ఆకు ఒక్కటి నేలమీద మిగిలినా
మూడే.
హెట్టీ కోక్లీ బేరం అలా ఉండేది.

నన్ను బాతూ అని పిలిచేది.
తిట్టు కాదు. స్టోక్ వైపు
పాలవాడూ బాతే, పాస్టరూ బాతే.
"మోకాళ్ళ మీద కూర్చో బాతూ,
నిలబడి చూస్తే ఏ నేలైనా శుభ్రంగానే ఉంటుంది."

మచ్చ అంటే బొట్టులా గుండ్రం కాదు.
అంచు చూడమనేది:
నాసిరకం కాగితం మీద సిరా చుక్క పడ్డట్టు
పీచులు పీచులుగా.
దాని చుట్టూ పసుపు.
ఆ పసుపు కాడదాకా పాకిన రోజు
వేలు తగలకుండానే ఆకు చేతిలోకి వచ్చేస్తుంది.
ఆగస్టు దాటేసరికి
పొద మోకాలిదాకా దిసమొల,
కొసన మాత్రం ఒక పువ్వు,
ఏమీ జరగనట్టు.

నీళ్ళు పొద్దున్నే, మొదట్లోనే.
దానికో టీపాట్ ఉండేది ఆమె దగ్గర,
కొమ్ము పొడుగు, మూత లేదు,
నీలం తీగ సగం గీసి వదిలేసిన
ఫ్యాక్టరీ చెత్తకుప్ప సరుకు.
చుట్టానికి పోసినట్టు వంగి పోసేది,
మన్ను గుటక వేసేదాకా.
ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే చాలట,
బూజు మొలకెత్తుతుంది.
ఏడు గంటలు!
మా ఊళ్ళో వాన
అంత తొందరగా వెలిసిందెప్పుడు?

ఏరినవి ఎరువుగుంటలో వేస్తే చెవి మెలేసేది.
మంట పెట్టడానికీ లేదు,
పొగ రాకూడదని చట్టం.
పాత దినపత్రికలో చుట్టి, దారం కట్టి
మునిసిపాలిటీ డబ్బాలో.
దొంగసరుకు దాటిస్తున్నట్టు ఉండేది నాకు.

మా నాన్న చిన్నప్పుడు ఈ తెగులే లేదు.
ఊరి నిండా సీసాల్లాంటి బట్టీలు,
అన్ని గొంతులూ ఒకేసారి దగ్గేవి.
మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
తెల్ల దుప్పటి ఆరేస్తే
మడతపెట్టేసరికి బూడిద రంగు.
ఆ మసిలో హెట్టీ గులాబీలు
తుడిస్తే చాలు, పింగాణీ.
బొగ్గులో గంధకం ఉంటుందనీ
అది రోజూ ఉచితంగా
ఆకుల మీద రాలుతోందనీ
ఎవరికి తెలుసు?

ఆమె మొగుడు ఎనోక్ బట్టీలో సామాను పేర్చేవాడు.
ముప్పై రెండేళ్ళు చెకుముకి దుమ్ము.
"ఎక్స్‌రేలో మచ్చలు నల్లగా ఉంటాయనుకున్నాను.
తెలుపు బాతూ.
మంచు పడ్డట్టు."
ఒక్కసారే చెప్పింది,
కత్తెర ఆపకుండా.

బట్టీలు చల్లారాయి.
ఆకాశం రంగేమిటో
జనం రోడ్డు మధ్య ఆగి చూశారు.
మూడో వేసవికి
చిట్టచివరి కొమ్మ మీద
మొదటి మచ్చ.

తోట సామాన్ల కొట్లో పసుపు పొట్లం కొన్నది.
ధర రెండుసార్లు చదివింది.
"చూశావా, పొగ ఆపేశారు.
ఇప్పుడు దాన్నే పొట్లం కట్టి అమ్ముతున్నారు."

గాలి ఆడని సాయంత్రం చూసి
ఎనోక్ పాత మేజోడులో గంధకం పోసి
కొమ్మల మీద తట్టేది,
ఆకు పైన, మరిచిపోకుండా ఆకు అడుగున.
దానికి ముందు
తన ముక్కుకు ఒక రుమాలు,
నా ముక్కుకు ఒక రుమాలు,
వెనక ముడి గట్టిగా, నొప్పెట్టేంతగా.
అతనికి ఎవరూ కట్టని ముడి అది
అని ఇప్పుడు అనిపిస్తుంది.
అప్పుడు నాకు దురద మాత్రమే.

ఇప్పుడు నాకు అరవై ఏడు.
ఎవరి తోటకు వెళ్ళినా
పువ్వుకంటే ముందు నేల చూస్తాను.

ఒక ఫిబ్రవరి, ఆమె కొమ్మలు కత్తిరిస్తుంటే
అడిగాను:
పొగ మళ్ళీ వస్తే బాగుంటుందా?

కత్తెర ఆగింది.
కన్నుకు పైన, ఏటవాలుగా,
ఒక కొమ్మ సగం తెగి ఉంది.
ఆమె దాన్ని పూర్తిగా కోసింది.
ఇంకోటి కోసింది.
తర్వాత కత్తెర మొనతో
హైడ్రేంజియా కిందికి చూపించింది.

"అదిగో, నిరుటిది. వదిలేశావు.
మూడే నీకు."